క్యాష్‌కు ఒక హద్దు

సూర్యాపేట,
18 నవంబరు 2024.

సాంసన్ అన్నకు నీ చెల్లెలు శాంతకుమారి వందనాలు. జానమ్మ వదినకు కూడా చెప్పు.

ఈ కాలంలో ఉత్తరమేంటని అనుకోకు. ఫోన్ చేస్తే నువ్వు "ఎవరూ?" అంటావు, నేను అరుస్తాను, పెళ్లిపత్రికల కోసం షాపుకు వచ్చినవాళ్లు మా ఇంట్లో ఏదో గొడవ జరుగుతోందనుకుంటారు. ముప్పై ఏళ్లు మిర్యాలగూడ రైసుమిల్లు మోతలో పనిచేసి చెవులు ఆ మోతకే ఇచ్చేశావు. ఫోన్‌లో రాసి పంపుదామంటే నీది బటన్ల ఫోన్. అందుకే ఆర్టీసీ పార్సిల్ కౌంటర్‌లో ఈ కవరు ఇస్తున్నాను. నువ్వూ ఇలాగే పంపు.

విషయం నా పాత కంప్యూటర్. 2001లో డీటీపీ సెంటర్ పెట్టినప్పుడు కొన్నది, విండోస్ 98. ఇంకా అదే ఉందా అని నవ్వకు. కొత్తది కూడా ఉంది, ఫారాలూ ఫ్లెక్సీలూ దాని మీదే. పాతదాన్ని ఒక్క పని కోసం బతికించుకుంటూ వస్తున్నాను. అది మోతీలాల్ సార్ నిఘంటువు.

సార్ నీకు తెలియదు. కోదాడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. లంబాడీ మనిషి. నలభై తండాలు తిరిగి పదకొండు వేల లంబాడీ మాటలు ఏరి, తెలుగు అర్థాలు రాశారు. పద్నాలుగేళ్లుగా నెలకోసారి సంచి నిండా చీటీలు తెచ్చి నా బల్ల మీద గుమ్మరిస్తారు, నేను కొడతాను. వాళ్ల భాషలో ముక్కుతో పలికే అచ్చులున్నాయి, తెలుగులో వాటికి అక్షరాలు లేవు. మేమిద్దరం కూర్చుని పాత ఫాంటులో ఎవరూ వాడని ఒక చోట చిన్న గుర్తు గీసుకున్నాం. ఆ గుర్తు ఈ కంప్యూటర్‌లోనే కనబడుతుంది. కొత్తదాంట్లో తెరిస్తే వరుసగా ఖాళీ డబ్బాలు.

ఫిబ్రవరి 15న వాళ్ల గురువు సేవాలాల్ జయంతికి కోదాడలో పుస్తకం విడుదల. అక్కడి ప్రెస్సు ప్రవీణ్ జనవరి 10కల్లా పేజీలన్నీ ట్రేసింగ్ కాగితం మీద తీసి ఇమ్మన్నాడు. ఇవ్వలేకపోతే ఆ గుర్తు తీసేసి, మామూలు తెలుగు అక్షరాలతో వేరేచోట కొట్టించుకుంటామని పుస్తకం వేయిస్తున్న కమిటీవాళ్లు అంటున్నారు. సార్‌కు డెబ్బై ఎనిమిదేళ్లు. ఎడమ కన్ను పోయింది, కుడికన్ను మసకబారుతోంది. మొన్న ఆయన నాతో ఒక్కటే మాటన్నారు. "ఆ గుర్తు లేకపోతే అది మా మాట కాదమ్మా. మా యాడి పలికినట్టు ఉండది." యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

ఇప్పుడు తిప్పలేమిటంటే, పుస్తకం ముప్పై రెండు ఫైళ్లుగా ఉంది. విడివిడిగా బాగానే తెరుచుకుంటాయి. అన్నీ ఒక్క పుస్తకంగా కలిపి పేజీ నంబర్లు వేయబోతే సరిగ్గా 212వ పేజీ దగ్గర ఆగిపోయి నీలం తెర వస్తోంది. పదిసార్లు చేశాను, పదిసార్లూ అక్కడే. ఇక్కడి మెకానిక్ మూత తీసి ముక్కున వేలేసుకున్నాడు. "అక్కా, దీన్ని మ్యూజియంల పెట్టున్రి" అన్నాడు.

మీ మిల్లులో బియ్యం నుంచి నల్లగింజలు ఏరే సార్టర్‌కు ఇలాంటి కంప్యూటరే ఉందనీ, దానికి వైద్యం చేసేది నువ్వేననీ వదిన చెబుతుంటుంది. ఏదైనా దారి చూపు.

నీ చెల్లెలు
శాంత

---

మిర్యాలగూడ,
24 నవంబరు.

చెల్లె శాంతకు దీవెనలు.

నీ కవరు తెచ్చిచ్చిన పార్సిల్ ఆఫీసతను నేను సంతకం పెట్టేదాకా నిలబడి నన్ను వింతగా చూశాడు. కవరులో ఉత్తరం వచ్చిన మనిషిని ఈ మధ్య చూసి ఉండడు.

ఆ మెకానిక్ మాట పట్టించుకోకు. యంత్రం పాతదైతే చెడ్డదని కాదు. అది ఆగిపోయేది మెమరీ చాలకే అనిపిస్తోంది. చేతుల్లో చోటు లేని మనిషికి మూట మీద మూట ఇస్తే ఏం చేస్తాడు, అన్నీ కింద పడేస్తాడు. మెమరీ పెంచితే 212 దాటుతుంది.

ముందు ఫైళ్లన్నీ సీడీల్లోకి కాపీ చేయి. రెండేసి కాపీలు. అది చేయకుండా మూత ముట్టుకోకు. తర్వాత కరెంటు వైరు గోడ నుంచి ఊడదీసి, చేతిని కిటికీ ఇనుప చువ్వకు ఒకసారి తాకించి, అప్పుడు మూత విప్పు. లోపల జానెడు పొడవున సన్నటి గాడులు పక్కపక్కనే ఉంటాయి. వాటిల్లో నిలబెట్టిన పచ్చ బద్దే మెమరీ. గాడులెన్ని, బద్దలెన్ని, బద్ద మీద ఏం నంబరుంది, రాసి పంపు. ఎవరినీ పిలవకు, నువ్వే చేయి. చీరకు ఫాల్ కుట్టే చెయ్యి నీది, ఇది అంతకంటే కష్టం కాదు.

నాకు తీరికే. సెలవులో ఉన్నాను. వడ్లు దిగే రోజుల్లో సెలవేంటని అడగకు, చాలా ఏళ్ల సెలవులు మిగిలిపోయాయి. మీ వదిన కులాసా.

మీ అన్న
సాంసన్

---

సూర్యాపేట,
2 డిసెంబరు.

అన్నా,

చెప్పినట్టే చేశాను. సీడీలు రెండేసి కాపీలు, ఒక కట్ట బీరువాలో, ఒక కట్ట బియ్యం డబ్బాలో. మూత తీసేసరికి ఇరవై మూడేళ్ల సూర్యాపేట దుమ్మంతా అందులోనే ఉంది. పెయింట్ బ్రష్షుతో ఊడ్చాను. మూడు బల్లిగుడ్ల పెంకులు కూడా దొరికాయి.

గాడులు మూడు. ఒక దాంట్లోనే బద్ద ఉంది. దాని మీద భూతద్దం పెట్టి చూస్తే 64 అనీ, 133 అనీ కనిపించాయి. తక్కిన రెండూ ఖాళీ. ఇన్నేళ్లూ మూడు కుర్చీల ఇంట్లో ఒకే కుర్చీ మీద నడిపించానన్నమాట.

సార్ నిన్న ఫోన్ చేశారు. పని ఎంతవరకు వచ్చిందమ్మా అని అడిగారు. సగం పైన అయిపోయింది సార్ అన్నాను. అయింది దాదాపు ఏడు వందల్లో 212 పేజీలే, అవీ కంప్యూటర్ ఆగినప్పుడల్లా చెరిగిపోతున్నాయి. ఆయనతో అబద్ధమాడటం ఇదే మొదటిసారి. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. త్వరగా ఏదైనా పంపు.

శాంత

---

మిర్యాలగూడ,
8 డిసెంబరు.

శాంతా,

ఈ పార్సిల్‌లో మూడు మెమరీ బద్దలున్నాయి. వదిన రొట్టెలు చుట్టే వెండికాగితంలో చుట్టింది, చింపేటప్పుడు జాగ్రత్త. ఒక్కొక్కటీ 256. మూడూ కలిపితే 768. నీ అరవై నాలుగుకు పన్నెండింతలు. ఇక దానికి ఏ లోటూ ఉండదు.

ఎక్కడివని అడుగుతావు. మిల్లులో కొత్త సార్టర్ వచ్చింది. పాతదాని కంప్యూటర్లు నాకిచ్చేశారు. ఇంట్లో మంచం కింద ఉన్నాయి, వదిన రోజూ ఊడ్చేటప్పుడు వాటినీ నన్నూ కలిపి తిడుతుంది.

పెట్టే పద్ధతి ఇది. బద్ద కింద బంగారు రంగు పళ్లుంటాయి. వాటిని రబ్బరుతో, పిల్లలు పెన్సిల్ గీతలు తుడిచే రబ్బరుతోనే, రెండు వైపులా మెల్లగా రుద్దు. నోటితో ఊదకు, తడి తగులుతుంది. గాడికి రెండు చివర్లా తెల్లటి చెవులుంటాయి, వాటిని బయటికి వంచి, పాత 64 తీసేసి, కొత్తవి ఒక్కొక్కటే నిలువుగా దింపు. రెండు బొటనవేళ్లతో నొక్కితే ఆ చెవులు వాటంతటవే లేచి పట్టుకుంటాయి. పట్టుకోకపోతే కూర్చోలేదన్నమాట.

కరెంటు పెట్టగానే అది కూత కూస్తుంది. ఒక్క పొట్టి కూతైతే సంతోషం. పొడుగు కూతలైతే మెమరీ సరిగా కూర్చోలేదు, మళ్లీ తీసి పెట్టు. ఎన్నిసార్లు కూసిందో, పొట్టో పొడుగో నాకు రాయి. మిల్లులో ఆ కూతలు నేను వినలేకపోయేవాణ్ని, డబ్బా మీద అరచెయ్యి పెట్టి లెక్కపెట్టేవాణ్ని.

సాంసన్

---

సూర్యాపేట,
13 డిసెంబరు.

అన్నా,

తలప్రాణం తోకకొచ్చింది. మొదటిసారి పెడితే మూడు పొడుగు కూతలు. పక్క టీకొట్టతను కూడా వచ్చి చూశాడు. తీసి, రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టాను. ఒక్క పొట్టి కూత. తెర మీద అంకెలు గబగబా పరుగెత్తి 768 దగ్గర ఆగాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయంటే నమ్ము.

ఆ సంతోషం నిమిషం కూడా నిలవలేదు. విండోస్ మొదలవబోతూ నల్లతెర మీద ఇంగ్లీషులో ఒక మాట చూపించి ఆగిపోయింది. నాకు తెలిసిన ఇంగ్లీషు ప్రకారం, మొదలవడానికి తనకు మెమరీ చాలడం లేదట. పన్నెండింతలు పెట్టాక ఆ మాట. అరవై నాలుగుతో ఇరవై మూడేళ్లు నోరెత్తకుండా నడిచింది, ఇప్పుడు చాలదంటోంది. నాలుగుసార్లు ఆపి పెట్టాను. అదే మాట.

నువ్వు చెప్పేదాకా మళ్లీ విప్పను. ప్రవీణ్ గడువుకు ఇరవై ఎనిమిది రోజులుంది. ఇప్పుడు 212 పేజీలు కాదు, ఒక్క పేజీ కూడా తెరుచుకోదు. సార్‌కు ఏం చెప్పను?

శాంత

---

కోదాడ బస్టాండు,
17 డిసెంబరు.

శాంతా,

నీ ఉత్తరం నిన్న అందింది. భయపడకు. తప్పు మెమరీది కాదు, క్యాష్‌ది. ఎంత కనబడితే అంతా నాకే కావాలనే గుణం, మొదటి నుంచీ ఉన్నదే. ఉన్నదంతా అక్కడే మింగేస్తే అసలు పనికి ఏం మిగులుతుంది? ఇన్నేళ్లూ తక్కువతో సర్దుకోవడం వల్ల ఆ గుణం బయటపడలేదు, ఎక్కువ కనబడేసరికి బయటపడింది. క్యాష్‌కు ఒక హద్దు పెట్టుకో. సార్ పని దానంతటదే నడుస్తుంది. వివరంగా ఇంటికి వెళ్లి రాస్తాను. సూర్యాపేట బస్సు కదులుతోంది, ఈ చీటీ కండక్టర్‌కు ఇస్తున్నాను.

సాంసన్

---

సూర్యాపేట,
18 డిసెంబరు.

సాంసన్ గారికి,

మీ చీటీ అందింది. కండక్టర్ షాపుదాకా తెచ్చిచ్చాడు. నాలుగుసార్లు చదివాను.

నాది ఎంత కనబడితే అంతా కావాలనే గుణమని, అది మొదటి నుంచీ ఉన్నదేనని రాశారు. తోడబుట్టినవాళ్లు కాబట్టి మీకు తెలిసే ఉండాలి. కానీ ఒక సంగతి మీకు తెలియదు, ఎవరికీ చెప్పలేదు కాబట్టి. ఈ పద్నాలుగేళ్లలో మోతీలాల్ సార్ దగ్గర మొదటి రెండేళ్లూ కాగితం ఖర్చు తీసుకున్నాను. ఆ తర్వాత అదీ లేదు. ఆయన ఇవ్వబోతే నేనే వద్దన్నాను. ఆ చీటీల మీది మాటల్లో కొన్నిటిని పలికే మనుషులు ఇప్పుడు లేరు. ఫలానా ముసలమ్మ చెప్పింది, పోయిన నెల చనిపోయింది అని సార్ చీటీ వెనక రాసి తెచ్చేవారు. అలాంటిదానికి పేజీకి ఇంతని రేటు ఎలా కట్టాలో నాకు తెలియలేదు. అంతే తప్ప క్యాష్ కోసం నేను ఆ పని ఆపలేదు. మీరు హద్దు పెట్టమనేంత క్యాష్ నా గల్లాపెట్టెలో ఏనాడూ లేదు.

ఇంకొకటి. కోదాడ బస్టాండులో మీకేం పని అని వదినకు ఫోన్ చేశాను. ఆమె ఏడ్చింది. దసరా మర్నాడే మిల్లువాళ్లు మిమ్మల్ని ఇక రావొద్దన్నారట. అది జరిగి రెండు నెలలైంది, నాకేమో సెలవని రాశారు. నా గుణం గురించి మాట్లాడే మనిషి తన కష్టం చెల్లెలికి చెప్పుకోకూడదా? నేను అంత పరాయిదాన్నయ్యానా?

మీ మెమరీ బద్దలు మూడూ ఈ పార్సిల్‌లో తిప్పి పంపుతున్నాను. పాత అరవై నాలుగే మళ్లీ పెట్టుకున్నాను. 212 దాకా నడుస్తోంది. అంతవరకు చాలు.

శాంతకుమారి

---

మిర్యాలగూడ,
21 డిసెంబరు.

నా చెల్లె శాంతకు,

నీ ఉత్తరం చదివి కాసేపు నాకేమీ అర్థం కాలేదు. వదినకిచ్చాను. ఆమె నా చీటీలో ఏం రాశానో అడిగి తెలుసుకుని, మళ్లీ నీ ఉత్తరం చదివి, కడుపు పట్టుకుని నవ్వింది. రెండు నెలల తర్వాత ఆమె నవ్వగా చూశాను, అందుకు నీకే థాంక్స్ చెప్పాలి.

శాంతా, క్యాష్ అంటే డబ్బు కాదు. ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి. డబ్బుది సి-ఎ-ఎస్-హెచ్. కంప్యూటర్‌ది సి-ఎ-సి-హెచ్-ఇ. రెండూ పలికేది ఒక్కలాగే, తెలుగులో రాస్తే రెండూ క్యాషే. నేను తిట్టింది విండోస్‌ను. నిన్ను కాదు.

అదేమిటో చెబుతాను. మాటిమాటికీ బీరువా తెరవకుండా నువ్వు కొన్ని కాగితాలు బల్ల మీద పెట్టుకుంటావు కదా, కంప్యూటర్‌కు అలాంటి బల్లే క్యాష్. విండోస్ 98 గుణం ఏమిటంటే, మెమరీ ఎంత ఎక్కువ కనబడితే అంత పెద్ద బల్ల వేసుకుంటుంది. ఐదొందల పన్నెండు దాటితే దానికి ఒళ్లు తెలియదు. గదంతా బల్లే అయిపోతే మనిషి నిలబడటానికి చోటుండదు, అప్పుడు మెమరీ చాలదంటుంది. దాన్ని చేసిన రోజుల్లో ఇంత మెమరీ ఎవరింట్లో ఉంటుందని వాళ్లు అనుకోలేదు. బల్ల ఇంతే అని ఒక ఫైల్లో ఒక్క ముక్క రాస్తే దారిలోకి వస్తుంది. అదీ నేను చెప్పిన హద్దు.

తప్పు నాదే. ఈ సంగతి నాకు తెలుసు. ఎనిమిదేళ్ల కింద మిల్లులో ఇలాగే అయితే నేనే ఆ హద్దు రాశాను. అసలు నీకు ఒక్క బద్ద పంపినా సరిపోయేది. మూడూ ఎందుకు పంపానో ఇప్పుడు దాచను.

దసరా మర్నాడు కొత్త సార్టర్ దిగింది. ముందు పాత కంప్యూటర్లు బయట పెట్టారు, తర్వాత నన్ను పిలిచారు. మేనేజర్ నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా, "ఇవి నువ్వే తీస్కపో సాంసన్, ఇగ మాకు పనికిరావు" అన్నాడు. కంప్యూటర్ల గురించే అన్నాడు. నాకు మాత్రం నా గురించి కూడా అన్నట్టే వినబడింది. ఇంటికొచ్చి మంచం మీద పడుకున్నాను. అలా నెల దాటాక నీ ఉత్తరం వచ్చింది. నాకొక పని ఉందని, నేను చేస్తే తప్ప అది జరగదని అనిపించింది. ఆ సంబరంలో ఉన్నవన్నీ మూటగట్టి పంపాను. హద్దు పెట్టుకోవాల్సింది నేను.

కోదాడకు వెళ్లింది ఉద్యోగానికే. అక్కడొక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ చూసుకునే మనిషి కావాలన్నారు. పొద్దున్నే వెళ్లి వరండాలో కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా పిలవలేదు. లోపలికి వెళ్లి అడిగితే, నా పేరు మూడుసార్లు పిలిచారట. నీకు పంపిన చీటీ ఆ తర్వాత బస్టాండులో రాశాను. నీకు చెప్పకపోవడం పరాయిదానివని కాదు. చిన్నప్పటి నుంచీ నేను నీకు పనులు చేసిపెట్టే అన్ననే. చేతకానివాణ్నని ఎలా రాయను?

నువ్వు సార్ దగ్గర ఏమీ తీసుకోలేదన్న సంగతి చదివి వదిన, "మీ అన్నాచెల్లెండ్లకు దాచుడు ఒక్కటే వచ్చు" అంది.

బద్దలు మళ్లీ పంపుతున్నాను. తిప్పి పంపావంటే నేనే బస్సెక్కి వస్తాను. వేరే చీటీ మీద ఇంగ్లీషులో ఫైలు పేరు, అందులో రాయాల్సిన ముక్క ఉన్నాయి. ఇప్పుడు పాత 64తో నడుస్తోంది కాబట్టి ముందు ఆ ఫైలు తెరిచి, చీటీలో ఉన్నది ఉన్నట్టు కొట్టి, భద్రపరిచి, కంప్యూటర్ ఆపు. తర్వాత బద్దలు మూడూ పెట్టు. అంకెల్లో ఒక్కటి కూడా తప్పు పోకూడదు. పద్నాలుగేళ్లుగా ముక్కు అచ్చుల గుర్తులు పెట్టినదానివి, నీకు నేను చెప్పాలా?

మీ అన్న
సాంసన్

---

సూర్యాపేట,
27 డిసెంబరు.

అన్నయ్యా,

ముందుగా, నన్ను క్షమించు. "సాంసన్ గారికి" అని రాసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది, కానీ పని ఉందని ఆగాను. నువ్వు చేతకానివాడివైతే ఈ జిల్లాలో చేతనైనవాడు లేడు. ఇంకెప్పుడూ ఆ మాట రాయకు.

ఇక విను. నీ పార్సిల్ ఇరవై నాలుగున వచ్చింది. క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక కేకు కూడా తినకుండా షాపు తాళం తీశాను. చీటీలో ఉన్నది కొట్టాను, మూడుసార్లు సరిచూశాను, ఆపాను. బద్దలు పెట్టాను. మూడూ మొదటిసారికే పట్టుకున్నాయి. ఒక్క పొట్టి కూత. 768. నల్లతెర వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి విండోస్ మబ్బులు కనబడుతున్నాయి.

ముప్పై రెండు ఫైళ్లూ కలపమని చెప్పి కుర్చీ అంచున కూర్చున్నాను. 180. 200. 211. 212. నా గుండె ఆగింది కానీ అది ఆగలేదు. 213 పడింది. అన్నయ్యా, ఆ 213ను చూస్తూ గట్టిగా నవ్వేశాను. తర్వాత చూడటం మానేసి కేకు తిన్నాను. తిరిగి చూసేసరికి 684 పేజీలు, చివరి పేజీ దాకా, ఒక్క గుర్తు చెదరకుండా. వెనక సూచిక అదే వేసుకుంది. ఇరవై ఆరో తేదీ మొత్తం మళ్లీ చేసి చూశాను, ఒకసారి తగిలిన అదృష్టమేమోనని. రెండోసారీ అంతే.

ఈ రోజు సార్‌ను పిలిపించాను. ముందు నా అబద్ధం ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. "నీ గొంతుల తెలిసిందమ్మా, తెలుగు పంతుల్ని కదా" అన్నారు. తెరకు బెత్తెడు దూరంలో ముఖం పెట్టి, భూతద్దంతో తన మాటలు ఒక్కొక్కటే చూసుకున్నారు. మొదటి పేజీ ప్రింట్ కొట్టే మీట ఆయనతోనే నొక్కించాను. ట్రేసింగ్ కాగితం వెచ్చగా బయటికి వస్తే రెండు చేతులతో పట్టుకుని, దీపానికి అడ్డంగా ఎత్తి చూశారు. తర్వాత ఎవరు చేశారమ్మా అని అడిగారు. మా అన్న చేశాడని చెప్పాను.

రోజుకు అరవై పేజీల చొప్పున తీస్తున్నాను. గడువుకు ముందే అయిపోతుంది. మ్యూజియం అన్న మెకానిక్‌ను పిలిచి చూపించాను. అతను మూత తీసి మూడు బద్దలూ చూసి, "ఇది ఎట్ల లేచిందక్కా?" అని అడిగాడు. క్యాష్ తగ్గించామని చెప్పాను. అర్థం కాక నా గల్లాపెట్టె వైపు చూశాడు.

నీ చెల్లెలు
శాంత

---

మిర్యాలగూడ,
20 జనవరి 2025.

శాంతా,

పేజీలన్నీ 9వ తేదీకే కోదాడ చేరాయని రాసిన కార్డు అందింది. 213 పడిందన్న ఉత్తరం వదిన మా వీధిలో నలుగురికి చదివి వినిపించింది. నేను ఈ మూడు వారాలూ వీధిలో కొంచెం ఛాతీ విరుచుకునే నడిచాను, దాచడమెందుకు?

కానీ విడుదల సభకు రాలేను. కమిటీవాళ్లు పంపిన కార్డులో నా పేరు కూడా వేశారు, వేదిక మీద కూర్చోబెడతారట. నాకేం వినబడుతుంది చెప్పు? అందరూ నవ్వినప్పుడు నవ్వుతూ, చప్పట్లు కొట్టినప్పుడు కొడుతూ బొమ్మలా కూర్చోవాలి. కాలేజీ వరండా ఇంకా మర్చిపోలేదు. పేరు పిలిచినా తెలియని మనిషి సభల్లో ఉండకూడదు. సార్‌కు నా నమస్కారాలు చెప్పు. పుస్తకం ఒకటి పంపితే చాలు.

సాంసన్

---

సూర్యాపేట,
24 జనవరి.

అన్నయ్యా,

నువ్వు వస్తున్నావు. నీ పక్కన నేను కూర్చుంటాను. పేరు పిలిచినప్పుడు మోచేత్తో పొడుస్తాను. అక్కడ ఏం మాట్లాడినా ఒక్క ముక్క వదలకుండా రాసి నీకు పంపే పూచీ నాది. వదినకు ఫోన్ చేసి చెప్పేశాను, తెల్ల చొక్కా ఇస్త్రీకి వెళ్లింది కూడా.

శాంత

---

సూర్యాపేట,
17 ఫిబ్రవరి.

సాంసన్ అన్నయ్యకు,

మాట ఇచ్చినట్టే రాస్తున్నాను. నువ్వు వేదిక మీద కూర్చుని వినలేకపోయినవన్నీ ఇవి.

కమిటీ అధ్యక్షుడు పొడుగ్గా మాట్లాడాడు, అందులో నీకు పోయిందేమీ లేదు. నువ్వు ఆవులించావు, అతనూ చూశాడు. ప్రెస్సు ప్రవీణ్ తన వంతులో, ఇంత శుభ్రమైన పేజీలు తన ప్రెస్సుకు ఎప్పుడూ రాలేదన్నాడు. తర్వాత మన కుర్చీల వెనక్కి వచ్చి నా చెవిలో ఇంకో మాట చెప్పాడు. అతని దగ్గరా రెండు పాత కంప్యూటర్లు మూలపడి ఉన్నాయట, ఇరవై ఏళ్ల పని వాటిల్లో ఇరుక్కుపోయిందట. కోదాడలో ఇంకో ముగ్గురు డీటీపీ వాళ్లదీ అదే గతి. నీ చిరునామా నలుగురూ రాసుకున్నారు. నీకు చెవులు వినబడవని ముందే చెప్పాను. "కంప్యూటర్‌కు చెవులెందుకు మేడమ్, చేతులు గావాలె" అన్నాడు ప్రవీణ్. వచ్చే సోమవారం నిన్ను రమ్మన్నాడు. పేరు పిలవరు, నేరుగా లోపలికి వెళ్లు.

సార్ పుస్తకం విప్పి, మీ తండా మాట ఒకటి చెప్పండి, ఇందులో ఉందో లేదో చూద్దామని జనాన్ని అడిగారు. అందరూ గోల చేసింది అప్పుడే, గొడవైందా అని నువ్వు నన్ను అడిగావు. గొడవ కాదు, ఆట. ఒకరొకరు లేచి మాట చెప్పడం, నేను సూచికలో వెతికి పేజీ నంబరు చదవడం. పదిహేడు మాటలు అడిగారు, పదిహేడూ దొరికాయి. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా ఆడవాళ్లు కేకలు వేశారు. పద్దెనిమిదోది ఒక ముసలామె అడిగింది. వాన పడేముందు వీచే గాలికి వాళ్ల తండాలో ఒక మాట ఉందట. వెతికాను, లేదు. సార్ ముఖం చిన్నబోతుందనుకున్నాను. ఆయన జేబులోంచి చీటీ తీసి, ఆ మాట ఆమెతో మళ్లీ రెండుసార్లు పలికించుకుని రాసుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు శాలువా కప్పినప్పుడు సార్ మైకు దగ్గరికి వెళ్లి ఏదో చెప్పారు, జనమంతా లేచి నిలబడ్డారు. నువ్వూ కంగారుపడి లేచి నిలబడ్డావు, ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని గేటు వైపు చూశావు. బస్సులో వస్తూ, అందరూ ఎవరి కోసం లేచారే అని అడిగావు. మోతలో చెప్పలేక రాస్తానన్నాను.

నీ కోసమే లేచారు అన్నయ్యా. సార్ చెప్పింది ఇది, ఒక్క అక్షరం కలపలేదు, తీయలేదు:

"ఈయన పేరు సాంసన్. మిల్లుల పని జేసి జేసి చెవులు పోయినయ్ ఈయనకు. మన భాష ఒక్క ముక్క ఈయన ఎన్నడు ఇనలే, ఇగ ముంగట గూడ ఇనలేడు. గట్లాంటి మనిషి మన పదకొండు వేల మాటలు మనకు దక్కిచ్చిండు. లేసి నిలబడున్రి."

నీ చెల్లెలు
శాంతకుమారి